‘ప’ను ‘వ’ చేసే కలయికలు మనకు వద్దు



“తెలుగు చెప్పే పంతులుకు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరుతో పనేమిటి?” అన్న ప్రశ్న మన సమావేశాలలో తరచుగా వినబడుతున్నది. ప్రశ్నలోనే కొంత చులకన ఉన్నది. పద్యం చెప్పడం, వ్యాకరణం బోధించడం, చూచివ్రాత దిద్దడం మన పని అట. గోడకు తగిలించే పటం, గుమ్మం మీది పేరుపలక, బహుమతి పత్రం మీది అక్షరం దుకాణం వారి పని అట. ఈ పంపకం తప్పు. తెలుగు రాష్ట్రాల వెలుపల ఉన్న మన బడులకు ఇది ప్రతి సంవత్సరం హాని చేస్తున్నది. ఆ మాట విడమరచి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పిల్లలకు తెలుగు వీధి లేదు

విజయవాడలోనో వరంగల్లులోనో పెరిగే పిల్లవాడు ఇంటి నుండి బడికి చేరేలోగా వందల తెలుగు అక్షరాలు చూస్తాడు. బస్సు నుదుట, కిరాణా అంగడి మీద, సినిమా గోడపత్రిక మీద, పాలపొట్లం మీద తెలుగే. ఒకచోట అక్షరం వంకరగా ఉంటే పదిచోట్ల సరిగా ఉంటుంది. ఆ పది కలిసి ఆ ఒక్కదానిని దిద్దుతాయి. ఉపాధ్యాయుడు నోరు విప్పనవసరం లేదు.

హోసూరులో, షోలాపురంలో, బరంపురంలో, బళ్ళారిలో ఉన్న మన పిల్లవానికి ఆ సదుపాయం లేదు. వీధి చాలావరకు తమిళం, మరాఠీ, ఒడియా, కన్నడం. యానాం సంగతి వేరు, అక్కడ వీధి కూడా తెలుగే. తక్కిన చోట్ల పిల్లవాని కంటికి కనబడే తెలుగు అక్షరాలు మూడే చోట్ల ఉన్నాయి: పాఠ్యపుస్తకం, నల్లబల్ల, తరగతి గోడ. పుస్తకం సంచిలోకి వెళ్ళిపోతుంది. నల్లబల్ల గంట గంటకూ తుడువబడుతుంది. సంవత్సరం పొడుగునా కదలకుండా ఎదుట నిలిచేది గోడమీది అక్షరమే. అది తప్పయితే దిద్దే వీధి లేదు.

కర్ణాటకలో మరొక చిక్కు ఉన్నది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. రెండింటినీ వేరుపరచే గుర్తులలో తలకట్టు ఆకారం ముఖ్యమైనది. తలకట్టు చెడితే అక్కడి పిల్లవాడు ఏ లిపి చదువుతున్నాడో వానికే తెలియదు.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన ఏర్పాట్లు చేయవలెనని రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉన్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా అది చేరినది. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని మొదటి భాషగా ఒకటవ తరగతి నుండి దశలవారీగా తప్పనిసరి చేసినది. వీటిని గురించి మనం అర్జీలు పెట్టుకుంటున్నాము, కోర్టు మెట్లు ఎక్కుతున్నాము. ఎక్కవలసినదే. అయితే మన తరగతి గోడమీద ‘ప’ను ‘ప’గా నిలుపుకోవడానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. ఏ అధికారీ అడ్డుపడడు. అది కూడా చేయలేని మనం పెద్ద హక్కులను గురించి ఏ ముఖంతో మాట్లాడతాము?

అక్షరం ఎక్కడ చెడుతున్నది

నేడు అక్షరాలు కుంచెతో వ్రాసేవారు అరుదు. ఫ్లెక్సీ, స్టిక్కరు, అక్రిలిక్ పలక, ఫోమ్ అక్షరం — ఇవన్నీ వెక్టర్ చిత్రలేఖన సాఫ్ట్‌వేరు నుండి పుడుతున్నవే. ఫోటో చుక్కల ముద్ద, వెక్టర్ బొమ్మ గీతల కొలత. బిందువులు, వాటిని కలిపే వంపులు మాత్రమే అందులో ఉంటాయి. అందుచేత దానిని అగ్గిపెట్టె అంత చేసినా ఇంటి గోడ అంత చేసినా అంచు చెదరదు. దుకాణాలలో ఎక్కువగా కనబడేది కోరల్‌డ్రా. ఉచితంగా దొరికే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఇంక్‌స్కేప్, 2003 నుండి ఉన్నది.

ఈ సాఫ్ట్‌వేర్లన్నిటిలోను ఆకారాలను కలిపే ఆజ్ఞలు కొన్ని ఉన్నాయి. పేర్లు కొద్దిగా మారినా పని ఒకటే. ఇంక్‌స్కేప్ పేర్లతో చెబుతాను.

యూనియన్ రెండు ఆకారాలను కరిగించి ఒకటి చేస్తుంది. నడుమనున్న గీతలు మాయమై వెలుపలి అంచు మాత్రం మిగులుతుంది. కోరల్‌డ్రాలో దీని పేరు వెల్డ్. డిఫరెన్స్ అడుగున ఉన్న ఆకారం నుండి పైనున్న ఆకారాన్ని కోసివేస్తుంది. ఇంటర్‌సెక్షన్ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని మాత్రం ఉంచుతుంది. ఎక్స్‌క్లూజన్ ఆ ఉమ్మడి భాగాన్ని తీసివేసి తక్కినది ఉంచుతుంది. డివిజన్ పై గీత వెంబడి అడుగు ఆకారాన్ని ముక్కలు చేస్తుంది. ఇవి కాక కంబైన్ అని మరొకటి ఉన్నది. ఇది దేనినీ కరిగించదు. రెండు గీతలను ఒకే పేరు కిందకు తెస్తుంది, అంతే. ఆ రెండూ ఒకదానిపై ఒకటి ఎక్కిన చోట సాధారణంగా రంగు పోయి కన్నం పడుతుంది.

ఇప్పుడు తెలుగు అక్షరాన్ని దీని ముందు పెట్టండి. ఆంగ్లంలో అక్షరం పక్కన అక్షరం వస్తుంది. మనకు అక్షరం మీద తలకట్టు, గుడి, ఏత్వం; అక్షరం కింద వత్తు; పక్కన కొమ్ము, దీర్ఘం. పాత డీటీపీ ఖతులలో ఈ ముక్కలు విడివిడిగా ఉండి ఒకదానిపై ఒకటి ఎక్కేవి. నేటి వేరియబుల్ ఖతులలోను కొన్నింట గీతలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. తెర మీద నలుపు మీద నలుపు కనుక తెలియదు. స్టిక్కరు కోసే యంత్రానికి రంగు తెలియదు, గీత మాత్రమే తెలుసు. గీత ఎక్కడ ఉంటే అక్కడ బ్లేడు దిగుతుంది. ‘స్త్రీ’ అన్న అక్షరం గుడి దగ్గర, వత్తుల దగ్గర ముక్కలై చేతికి వస్తుంది. యూనియన్ చేయవలసిన చోట ఏమీ చేయకపోవడం వలన వచ్చిన ఫలితం అది.

యూనియన్ బదులు కంబైన్ నొక్కితే వత్తు తగిలిన చోట తెల్లని కన్నం. ఇక అన్నింటినీ మంచిదే కదా అని యూనియన్ చేస్తే మరొక ఆపద. సున్నను రెండు వృత్తాలుగా గీశారనుకోండి. లోపలి దానిని పైన ఉంచి డిఫరెన్స్ చేస్తే ఉంగరం వలె సున్న వస్తుంది. ఆ రెండింటినే యూనియన్ చేస్తే లోపలి వృత్తాన్ని వెలుపలిది మింగి నిండు బొట్టు మిగులుతుంది. ఆజ్ఞ ఒక్కటి మారితే అక్షరం మారిపోతున్నది. తెలుగు చదవలేని పనివానికి ఈ తేడా ఎలా తెలుస్తుంది? అతనికి ఉన్నది బొట్టా సున్నా అని అడగడానికి అక్కడ మనం ఉండవద్దా?

‘పండు’ ‘వండు’ అయిన తీరు

అన్నిటికంటె హానికరమైనది వేరే ఉన్నది. ఘ, ప, ఫ, ష, స, హ — ఈ అక్షరాలకు తలకట్టు ఒడలికి అంటదు, పైన విడిగా నిలుస్తుంది. ‘వ’కు తలకట్టు అంటుకొని ఉంటుంది. ఒకటవ తరగతిలో ‘ప’కూ ‘వ’కూ భేదం చెప్పేటప్పుడు మనం వేలు పెట్టి చూపించేది ఈ ఎడమునే.

అక్రిలిక్‌తోనో ఫోమ్‌తోనో అక్షరం కోయవలసి వచ్చినపుడు ఈ విడి తలకట్టు పనివానికి తలనొప్పి. అది వేరే ముక్కగా రాలిపోతుంది, అతికేటప్పుడు ఎక్కడ పెట్టాలో అతనికి తెలియదు. అందుచేత తెర మీదనే తలకట్టును కిందికి లాగి, ఒడలికి తాకించి, వెల్డ్ నొక్కుతాడు. ముక్క ఒకటే అయినది, అతని పని సులువైనది. ‘ప’ ‘వ’ వలె అయినది. ‘పండు’ అన్నది ‘వండు’ అయినది. ‘పలక’ ‘వలక’ అయినది. మా ప్రాంతంలో ఒక బడికి ఒక దుకాణం చేసి ఇచ్చిన పండ్ల పటంలో పై వరుస నిండా ఇదే తీరు చూశాను. పటం అందంగా ఉన్నది. మామిడిపండు నిగనిగలాడుతున్నది. కింద మాత్రం వంట చేయమని ఆజ్ఞ.

‘ఠ’ సంగతీ ఇంతే. ‘ర’ గర్భంలో చుక్క పెడితే ‘ఠ’. ఆ చుక్క దేనికీ అంటదు. కోతలో రాలిపడితే ఊడ్చి పారవేస్తారు. అప్పుడు గుమ్మం మీద ‘పాఠశాల’ కాస్తా ‘పారశాల’. గడ్డపారలు దాచుకునే కొట్టమా ఇది, పిల్లలు చదువుకునే చోటా?

నవ్వుకోవడానికి బాగానే ఉన్నది. కాని ఆ పటం ఎదుట కూర్చున్న ఆరేళ్ళ పిల్ల నవ్వదు. ‘ప’కూ ‘వ’కూ తేడా లేదని నేర్చుకుంటుంది. నాలుగవ తరగతిలో ఆ పిల్ల ‘వలుకు’ అని వ్రాసినపుడు మనం ఎర్రసిరాతో సున్న చుట్టుతాము. ఆ తప్పును గోడకు తగిలించిన చేతులు మనవే.

వినబడే సమాధానాలు, వాటికి నా జవాబు

“చిన్న లోపం, పిల్లలు సర్దుకుంటారు” అంటారు. సర్దుకోవడానికి చుట్టూ సరైన అక్షరాలు ఉండాలి. మన పిల్లల చుట్టూ అవి లేవని పైన చెప్పినాను.

“హైదరాబాదు నుండో విజయవాడ నుండో అచ్చు పటాలు తెప్పించుకుంటే సరి” అంటారు. తెప్పించుకోండి. వర్ణమాల పటానికి అది చాలును. కాని మన బడి పేరుపలక అక్కడ దొరుకదు. మన ఊరి పక్షులు, పంటలు, మన ఇళ్ళలో పలికే మాటలు ఆ పటాలలో ఉండవు. రెండు మూడు తరాలుగా వేరే రాష్ట్రంలో ఉంటున్న ఇళ్ళలో తెలుగు మాటలు కొన్ని వేరుగా ఉంటాయి. వాటిని గోడమీద చూసినప్పుడే పిల్లవాడు ఇది నా భాష అనుకుంటాడు. ఆ పటం మనమే చేసుకోవాలి.

“యూనికోడు వచ్చింది కదా, టైపు చేసి పంపితే దుకాణం వారే చూసుకుంటారు” అంటారు. యూనికోడులో తెలుగు 1991 నుండి ఉన్న మాట నిజమే. కాని దుకాణాలలో పాత కూర్పుల సాఫ్ట్‌వేర్లు ఇంకా నడుస్తున్నాయి. వాటిలో చాలావాటికి తెలుగు వత్తును అక్షరం కిందకు చేర్చడం రాదు. మనం పంపిన ‘అమ్మ’ అక్కడ పొల్లుతో విడిపోయి ‘అమ్‌మ’ అవుతుంది. అప్పుడు ఆ పనివాడు ముక్కలు ఏరి తనకు తోచినట్లు అతుకుతాడు. కనుక అక్షరాలను మన వద్దనే ఆకారాలుగా మార్చి, సరిగా కలిపి, సరిచూసి పంపడమే దారి.

“ఇది తెలుగు ఉపాధ్యాయుని పని కాదు” అనేవారికి ఒక్క మాట. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన రోజులలో నల్లబల్ల వ్రాతకు, పటాల తయారీకి ప్రత్యేకంగా అభ్యాసం ఉండేది. తలకట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చేయి పట్టి దిద్దించేవారు. అచ్చు కూర్పు కాలంలో కంపోజిటరు వత్తును విడిగా ఏరి పేర్చేవాడు, అతనికి తెలుగు వచ్చు. కుంచెతో బోర్డు వ్రాసిన చిత్రకారునికి అక్షరం నడక తెలుసు. నేడు ఆ చేతులు రెండూ లేవు. అక్షరం తెలిసినవాడు ఈ దారిలో ఎవడైనా మిగిలి ఉంటే అది ఉపాధ్యాయుడే. అతడూ నా పని కాదంటే ఇక ఎవరి పని?

అదే పనిముట్టు మంచికి

ఈ ఆజ్ఞలను తిట్టడం నా ఉద్దేశం కాదు. కత్తి ఎవరి చేతిలో ఉన్నదన్నదే ప్రశ్న. తెలుగు తెలిసిన చేతిలో ఇవి చక్కని బోధనోపకరణాలు.

ఒక అక్షరాన్ని డివిజన్‌తో నడక వరుసలో ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క రంగు వేస్తే, చేయి ఎక్కడ మొదలుపెట్టాలో పిల్లకు కంటితోనే తెలుస్తుంది. అక్షరం మీద అడ్డచారలు పరచి ఇంటర్‌సెక్షన్ చేస్తే చారల అక్షరం వస్తుంది, రంగులు నింపడానికి, దిద్దడానికి అనువైనది. ‘ప’ ఒడలు ఒక్కసారి గీసుకుంటే అడుగున వత్తు గీత చేర్చి ‘ఫ’ చూపవచ్చు. అక్షర కుటుంబాలు పిల్లలకు అలా తెలుస్తాయి.

విడి తలకట్టుకు కూడా సరైన ఉపాయం ఉన్నది. అక్షరాన్ని కోసి అతికే బదులు రేకులో అక్షరం ఆకారాన్ని తొలిచివేసే అచ్చు పలక చేయండి. అందులో ‘ప’ తలకట్టు ఒక విడి రంధ్రం మాత్రమే, రాలిపోయే ముక్క కాదు. ‘ర’ వంటి వాటిలో లోపలి ముక్క పడిపోకుండా సన్నని వంతెన నిలపాలి. సన్నని పట్టీని అక్షరం మీద ఉంచి డిఫరెన్స్ చేస్తే ఆ వంతెన సిద్ధం. అతికే అక్షరాలే కావాలంటే వెనుక ఒక పలక పెట్టించి, తలకట్టు చోటును దాని మీద గీత గీసి ఇవ్వండి. తలకట్టును లాగి అతికే పని ఎవరూ చేయనక్కరలేదు.

పని వరుస

ఇంక్‌స్కేప్ దించుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. సిలికానాంధ్ర వారు విడుదల చేసిన మండలి, రామభద్ర వంటి ఖతులు, నోటో తెలుగు ఖతులు ఉచితంగా ఉన్నాయి. వాడుకోవడానికి, మార్చుకోవడానికి అనుమతి ఉన్నది.

మొదట మాటను టైపు చేసి, ఆ పత్రాన్ని అలాగే ఒక పేరుతో భద్రపరచండి. తరువాత దాని నకలును తీసుకొని ఆబ్జెక్ట్ టు పాత్ అన్న ఆజ్ఞతో అక్షరాలను ఆకారాలుగా మార్చండి. గుంపు విడదీసి ఒక్కొక్క అక్షరానికి విడిగా యూనియన్ చేయండి. వరుస మొత్తానికి ఒకేసారి చేస్తే పక్కపక్క అక్షరాలు తగిలిన చోట కరిగిపోతాయి. మీరే పెన్ను పనిముట్టుతో అక్షరం గీసి ఉంటే ముందుగా స్ట్రోక్ టు పాత్ చేయాలి. యూనియన్ గీత మందాన్ని చూడదు, గీత చుట్టిన చోటును చూస్తుంది. ఆ మెట్టు దాటవేస్తే కొమ్ము కాస్తా ముద్ద అవుతుంది.

చివరగా ఔట్‌లైన్ చూపులో చూడండి. అందులో రంగులు పోయి గీతలు మాత్రం కనబడతాయి. అక్షరం లోపల అడ్డంగా పోయే గీత ఉంటే యూనియన్ కాలేదని అర్థం. ప, ఫ, ష, స, హ తలకట్లు విడిగా ఉన్నవా, ఠ చుక్క ఉన్నదా, సున్నకు రంధ్రం ఉన్నదా — ఈ మూడూ చూసిన తరువాతనే పంపండి.

మొదటి పత్రాన్ని భద్రపరచమని ఎందుకు అన్నానో చెప్పాలి. ఆకారంగా మారిన అక్షరం ఇక వ్రాత కాదు, బొమ్మ. ‘శ్రీ’ అన్నది యూనికోడులో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం — నాలుగు సంకేతాలు. దానిని వెదకవచ్చు, దిద్దవచ్చు, చూపు లేని పిల్లలకు చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు ఇవ్వవచ్చు. ఆకారంలో ఇవేవీ లేవు, వంపులు మాత్రమే. ప్రశ్నపత్రాలను, పాఠాలను బొమ్మలుగా మార్చి ఒకరికొకరు పంపుకునే అలవాటు మనలో బలిసినది. వచ్చే సంవత్సరం మీ స్థానంలోకి వచ్చే ఉపాధ్యాయుడు అందులో ఒక్క పొల్లు కూడా దిద్దలేడు, అంతా మళ్ళీ టైపు చేసుకోవాలి. ఉపాధ్యాయులే కరువైన మన బడులలో ఇది భరించదగిన దుబారా కాదు.

మనవి

ఉపాధ్యాయులారా, ఈ పని నేర్చుకోవడానికి నాలుగు శనివారాలు చాలును. ఒక తాలూకాకు ఒకరు నేర్చుకున్నా తక్కిన బడులకు పటాలు అందుతాయి. తల్లిదండ్రులారా, బడి పేరుపలకలోనో పటంలోనో అక్షరం తప్పు కనబడితే వెనక్కి పంపమని అడగండి. డబ్బు ఇచ్చి కొన్న పండు కుళ్ళితే తిరిగి ఇస్తాము, కొన్న అక్షరం కుళ్ళితే ఎందుకు ఊరుకోవాలి? శిక్షణ సంస్థలవారికి కూడా ఒక మాట. నల్లబల్ల వ్రాత నేర్పినట్లే ఈ వ్రాతను కూడా పాఠ్యప్రణాళికలో చేర్చండి.

దుకాణం వారి మీద నాకు కోపం లేదు. రాని భాషలో అతను చేయగలిగినది చేస్తున్నాడు. వచ్చిన భాషను అతని చేతిలో వదలివచ్చిన మనదే బాధ్యత. ఈ వేసవి సెలవులలో మీ మీ బడులలోని పటాలను ఒక్కసారి దించి, ఒక్కొక్క తలకట్టు పరీక్షించండి. చెడినవాటిని మళ్ళీ గోడకు తగిలించకండి. వాటి స్థానంలో మీరు చేసినవి తగిలించి, ఎన్ని మార్చవలసి వచ్చినదో నాకు వ్రాయండి.